జీవితకాలం మన్నే రేజరు

ఆ ఉదయం మొగిలి పెట్టుకున్న పని చాలా చిన్నది. గడ్డం నున్నగా గీసుకుని, మీసం కింది అంచు కాస్త దిద్దుకుని, ఇస్త్రీ యూనిఫాం వేసుకుని డ్యూటీకి పోవాలి. మనిషన్నవాడు రోజూ చేసే పనే. కాని ఆ రోజు ఆ మీసం మీద అతని బతుకంతా ఆధారపడి ఉంది.

మొగిలిది జనగామ దగ్గర పల్లె. హైటెక్ సిటీలో ఒక పెద్ద అద్దాల భవనంలో సెక్యూరిటీ గార్డు. మొన్నమొన్నటి దాకా కింది పార్కింగులో కార్ల పొగ మింగుతూ ఈల ఊదేవాడు. భవనం మేనేజరు రామ్మోహనరావు ఒకరోజు కారు దిగుతూ, మెలి తిరిగిన అతని మీసం చూసి ముచ్చటపడి పైకి తెచ్చాడు. తలపాగా చుట్టించి, ఏసీ గాలి తగిలేచోట పెద్ద తలుపు దగ్గర నిలబెట్టాడు. అయితే ఆ చోటు ఇంకా ఖాయం కాలేదు. భవనంలో ఐదు అంతస్తులు కిరాయికి తీసుకోబోతున్న కంపెనీ అధినేత సంయుక్త ఆ రోజు మధ్యాహ్నమే చూడటానికి వస్తోంది. ఆమె రాక సవ్యంగా జరిగితే మొగిలికి తలుపు, తేడా వస్తే మళ్లీ పార్కింగు.

అందుకే మొగిలి కొత్త రేజరు తెప్పించుకున్నాడు. అది ప్లాస్టిక్‌ది కాదు, ఇనుప సామానులాగా బరువుగా ఉండే సేఫ్టీ రేజరు. ఒకటి కొంటే ఒకటి ఉచితం. డబ్బా మీద ‘జీవితకాలం మన్నిక’ అని బంగారు అక్షరాలతో వేశారు. ఎవరి జీవితకాలమో మాత్రం వేయలేదు. దానిమీద వచ్చిన వీడియోలన్నీ చూసి మొగిలి పండితుడైపోయాడు. ఖాజాగూడలో తనతోపాటు గదిలో ఉండే రాజుకు, వాడు బీడీ కాల్చుకుంటున్నా వినకపోయినా, రోజూ పాఠం చెప్పేవాడు. రాజుదీ అదే ఊరు, అదే భవనం గేటు దగ్గర డ్యూటీ. ఉచితంగా వచ్చిన రేజరు వాడికే ఇచ్చాడు.

"గా ప్లాస్టిక్‌వి నాలుగు రోజులు గీకి పారేసుడే రాజు. ఇది చూడు. వజన్ చూడు. వజన్ ఉన్న మాల్ ఎన్నటికీ మోసం చెయ్యది."

రాజు దాన్ని అరచేతిలో వేసి ఊపి చూశాడు. "మా పొలం కాడి బాయి మోటరు గూడ మస్తు వజన్ ఉండె. వారానికోపారి కాలిపోయేది" అన్నాడు.

ఆ రేజరులో ఉన్నవి మూడే ముక్కలు. పైన మూత, మధ్యలో పలక, కింద పిడి. మూతకు ఉన్న సన్నటి మర పలకలోంచి దూరి పిడిలో బిగుసుకుంటుంది. బ్లేడు భారమంతా ఆ మర మీదే. పైకి అంతా వెండిలాగా తళతళలాడే పూత. పూత కింద ఏముందో ఏ వీడియోలోనూ చెప్పలేదు. అది చెప్పాలంటే విరగ్గొట్టి చూపించాలి మరి.

ఆ పని మొగిలి చేశాడు. గడ్డం అయిపోయింది. మీసం అంచుకు వచ్చేసరికి పిడి కాస్త వదులైనట్టు అనిపించింది. శుభమా అని పెద్ద రోజు, వదులెందుకని ఇంకొక్క చుట్టు బిగించాడు. మీసం మీద ఆనించాడు. లోపల ‘టక్’మంది. మర పుటుక్కున విరిగి, మూత ఓ పక్కకు ఒరిగి, బ్లేడు కుడివైపు మీసంలో సగాన్ని ఊడ్చుకుంటూ వెళ్లి సింకులో పడింది.

"రాజూ!" అని మొగిలి పెట్టిన కేకకు పై అంతస్తులో కుక్కర్ కూత కూడా ఆగిపోయింది.

రాజు పరుగున వచ్చి, మొగిలి మొహం చూసి, నవ్వు ఆపుకోవడానికి తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. "ఫికర్ జెయ్యకు. నా రేజరు ఉన్నది. ఎడమ దిక్కు గూడ గంతే తీస్తే సమానమైతది" అని నడుం బిగించాడు. ఎడమ వైపు తీస్తే అటు ఎక్కువ పోయింది. కుడివైపు సర్దితే ఇటు ఎక్కువ పోయింది. కోతి పిల్లులకు రొట్టె పంచినట్టు పంచి పంచి, చివరికి ముక్కు కింద ఏమీ మిగల్చలేదు. తెగిన చోట పటిక రాసేసరికి మొగిలి పెదవి వాచింది, కళ్ల నుంచి ధారగా నీళ్లు కారాయి.

"ఏం జేద్దాం, పో. తలపాగా కిందికి గుంజుకో" అన్నాడు రాజు. "నాది మాత్రం గట్టి మాలే రా. చూసినవు గద, విరగలే." మొగిలి గది దాటగానే అదే గట్టి మాలుతో తాను గడ్డం గీసుకోవడానికి కూర్చున్నాడు.

భవనం హాల్లో నేల తుడుస్తున్న భవాని మొగిలిని చూడగానే చేతిలో కర్ర వదిలేసింది. మీసం లేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పెదవి వణుకుతోంది. తెలంగాణ పల్లెలో పుట్టిన ఆడమనిషికి ఇంతకన్నా వేరే సాక్ష్యం అక్కర్లేదు.

"ఓ కొడుకా! బాపు పోయిండా?" అని అతని భుజం పట్టుకుని శోకం ఎత్తుకుంది.

"భవానక్కా, గట్ల కాదు, జర ఇను..."

"ఏం ఇనాలె బిడ్డా! గంత మంచి మీసం తీసినవంటె నీ కడుపుల ఎంత దుఃఖం ఉన్నదో నాకు తెల్వదా!"

ఆ గోలకు రామ్మోహనరావు గదిలోంచి బయటికి వచ్చాడు. మొగిలి మొహం చూసి ఒక్కసారిగా భగ్గుమన్నాడు. "మీసమేదయ్యా? నిన్ను చూసి ఇక్కడ పెట్టాననుకున్నావా? నేను పెట్టింది ఆ మీసాన్ని! ఈ రోజే దొరికిందా నీకు సోకు చేసుకోవడానికి?"

"సార్, జర ఆగుండ్రి" అంది భవాని కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. "తండ్రి పోయిండు సార్ పిలగానికి."

రామ్మోహనరావుది రాజమండ్రి వైపు. మనిషి నోరు పెద్దది, మనసు వెన్న. ఆ మాట వినగానే కరిగిపోయాడు. "అయ్యో. మరి ఇంటికెళ్లకుండా ఇక్కడికెందుకొచ్చావయ్యా? గుండు కూడా చేయించుకోలేదేంటి?"

దానికీ భవానియే జవాబు చెప్పింది. "పెద్ద మేడం వస్తున్నదని సార్. డ్యూటీ దిగినంక పోయి గుండు కొట్టించుకుందామని మీసంతోటి ఆపిండు. గంత పాణం సార్ వీనికి ఈ కొలువంటె."

రామ్మోహనరావు మొగిలి రెండు చేతులూ పట్టుకున్నాడు. మొగిలికి నిజం నాలుక చివరి దాకా వచ్చింది. రేజరు విరిగిందని చెబితే పార్కింగు. ఊరుకుంటే తలుపు. మొగిలి ఊరుకున్నాడు. ఊరుకుని, నిక్షేపంగా ఉన్న తండ్రిని నిలబడిన చోటే చంపుకున్నానని లోలోపల కుమిలిపోయాడు.

ఇదంతా ఇక్కడితో సద్దుమణిగేదే. కాని అప్పుడే మొహానికి దస్తీ అడ్డం పెట్టుకుని రాజు వచ్చాడు. భవాని దస్తీ లాగింది. రాజుకూ మీసం లేదు. గట్టి మాలు కూడా పుటుక్కుమంది.

"చూసిండ్రా సార్! రాజు గూడ తీసేసిండు. ఇద్దరు పాలోళ్లన్నట్టు. ఒక్క వంశం. పెద్దమనిషి పోతే పాలోళ్లందరు తియ్యాలె."

రామ్మోహనరావుకు ఇక ఏ సందేహమూ మిగల్లేదు. పైగా ఉత్సాహం పట్టుకుంది. "ఇద్దరూ డ్యూటీకి వచ్చారా! ఇలాంటి సిబ్బంది ఉన్నారని సంయుక్తగారికి తెలియాలి. ఆవిడ వచ్చేసరికి ఇక్కడ పటం పెట్టి, పూలమాల వేసి, రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం" అని అందరినీ పరుగులు పెట్టించాడు. సెక్యూరిటీ వాళ్ల వాట్సాప్ గ్రూపులో సంతాపం పెట్టాడు. రాజు ఫోనులో ఉన్న మేడారం జాతర ఫొటో ఒకటి పట్టి పెద్దగా ప్రింటు తీయించాడు. అందులో మొగిలి తండ్రి కొమురయ్య మీసం చెవుల దాకా వెళ్లి వెనక్కి తిరిగి వచ్చింది. "ఇంత మీసం మట్టిలో కలిసిపోయిందా!" అని రామ్మోహనరావు నిజంగానే కళ్లు ఒత్తుకున్నాడు.

మొగిలి మెట్ల సందులోకి దూరి తండ్రికి ఫోన్ చేశాడు. ఎప్పుడు చేసినా బిజీ. ఎట్టకేలకు మధ్యాహ్నానికి కలిసింది.

"బాపూ..."

"నేను సచ్చిపోయిన్నంట గద రా?" కొమురయ్య గొంతులో నిప్పులు కురుస్తున్నాయి. "మనూరి పోరడు ఒకడు మీ గ్రూపుల ఉన్నడంట. ఊరంత ఫోన్లు చేసిండు. ఎవడో నాకే చేసి, కొమురయ్య శవాన్ని ఎన్ని గంటలకు తీస్తరని నన్నే అడుగవట్టె! మీ అమ్మ ఏడ్వబోయి, నన్ను చూసి ఆగింది."

"బాపూ, నీ కాల్మొక్త. నువ్వు మాత్రం ఇటు రాకు."

"రాకు అంటవేంది, వచ్చిన. గది ఇనంగనే బస్సెక్కి ఉప్పల్ల దిగిన. మెట్రో గూడ దిగవోతున్న."

మొగిలి పైకి పరుగెత్తుకొచ్చేసరికి పటం సిద్ధంగా ఉంది. చామంతి మాల వేలాడుతోంది. సిబ్బంది వరుసగా తలలు దించుకుని నిలబడ్డారు. బయట సంయుక్త కారు ఆగిందని గేటు నుంచి కబురు వచ్చింది. సరిగ్గా అప్పుడే అద్దాల తలుపు నెట్టుకుని, తెల్లటి ధోవతి, భుజాన ఎర్ర రుమాలు, ముఖం నిండా మీసంతో కొమురయ్య లోపలికి అడుగుపెట్టాడు.

భవాని ఆయన్ని చూసింది. పటాన్ని చూసింది. "ఓయమ్మో!" అని నీళ్ల బకెట్టు పక్కనే చతికిలబడింది.

కొమురయ్య ఎవరినీ పట్టించుకోలేదు. తిన్నగా తన పటం దగ్గరికి వెళ్లి, మాలను చేత్తో తడిమి చూశాడు. "పూలు మంచిగనే ఉన్నయి. ఫొటోనే వంకర పెట్టిండ్రు" అని సరిచేశాడు. తలుపు అవతల నుంచి ఎవరో ఆడమనిషి వస్తుంటే, ఇంటి ముందుకు వచ్చిన మనిషిని నిలబెట్టే అలవాటు లేదు కాబట్టి, తానే వెళ్లి తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

"రా బిడ్డా రా. ఎండలవడి వచ్చినవు. జర సల్లవడు" అన్నాడు.

సంయుక్త గుమ్మంలోనే ఆగిపోయింది. ఆ మీసం, ఆ పిలుపు ఆమెకు తెగ నచ్చేశాయి. పక్కనే పటం, మాల, వరుసగా నిలబడిన మనుషులు కనిపించారు. "ఈరోజు ఈయనకేనా సన్మానం?" అని అడిగింది.

రామ్మోహనరావు పటం వైపు చూశాడు. మనిషి వైపు చూశాడు. ఐదు అంతస్తుల వైపు చూశాడు. "అవునండి మేడం. సన్మానమేనండి" అన్నాడు.

ఆమె పటం మీది మాల తీసి కొమురయ్య మెడలో వేసింది. హాలంతా చప్పట్లు మారుమోగాయి. అందరికన్నా గట్టిగా కొట్టింది నేలమీది నుంచి భవాని. "ఎన్నో భవనాలు చూశానండీ. రమ్మని పిలిచిన తలుపు ఇదొక్కటే" అంటూ సంయుక్త లిఫ్టు వైపు నడిచింది. భవనం చూసి దిగేసరికి ఐదు అంతస్తులూ తీసుకుంటామనే మాట ఇచ్చింది. పోతూ పోతూ ఆ పెద్దాయన్ని మాత్రం తలుపు దగ్గర నుంచి కదపవద్దంది.

కారు వెళ్లగానే రామ్మోహనరావు తండ్రీకొడుకుల్ని, రాజును గదిలోకి పిలిచి తలుపు వేశాడు. "ఇప్పుడు చెప్పండయ్యా. ఎవరు చచ్చారు?"

మొగిలి జేబులోంచి విరిగిన రేజరు ముక్కలు తీసి బల్లమీద పెట్టాడు. వెండి పూత కింద బూడిద రంగులో, గోటితో గీకితే రాలేలా ఉంది లోహం. "ఎవ్వరు సావలే సార్. ఇంకొక్క చుట్టు బిగిచ్చిన, గంతే" అని ఏడ్చేశాడు. ఈసారి పటిక మంట లేదు. "మీసం లేకుంటె మల్ల పార్కింగుల వేస్తరని భయపడ్డ."

"ఇప్పుడు మాత్రం వెయ్యననుకున్నావా?" అని రామ్మోహనరావు కొమురయ్య వైపు తిరిగి, గొంతు పూర్తిగా మార్చాడు. "అయ్యా, రేపటి నుంచి తమరు వస్తారాండి?"

కొమురయ్య మాల తీసి బల్లమీద పెట్టాడు. కొడుకు వాచిన పెదవి చూశాడు. ఊరి నుంచి మోసుకొచ్చిన కోపం ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు. "ఈ కొలువు నా కొడుకుది సార్. వాడు పొగల నిలవడి దగ్గుతుంటె ఫోన్ల ఇని నేను, మా ఆడిది నిద్రపోయేటోళ్లం కాదు. వానికి మీసం మొలిచేదాక వాని జాగల నేను నిలవడుత. మొలిచినంక వాని జాగ వానికే ఇయ్యాలె. మాట ఇస్తరా?"

రామ్మోహనరావు మాట ఇచ్చాడు. మొగిలి తండ్రి కాళ్ల మీద పడ్డాడు. రాజు కూడా పడ్డాడు, ఎందుకైనా మంచిదని.

ఆ తర్వాత మొగిలి పార్కింగులో ఈల ఊదుతూ, పొద్దునా సాయంత్రం పై పెదవికి ఆముదం రాసుకుంటూ రోజులు లెక్కపెట్టాడు. పైన కొమురయ్యకు కొత్త తలపాగా వచ్చింది. ఆఫీసుల ఆడపిల్లలు ‘తాతా’ అంటూ వచ్చి పక్కన నిలబడి ఫొటోలు దిగేవాళ్లు. ఐదో అంతస్తు వాళ్ల పుట్టినరోజు కేకుల్లో మొదటి ముక్క ఆయనకే వచ్చేది. ఏసీ గాలికి మోకాళ్ల నొప్పులు తగ్గాయని ఆయనే చెప్పుకునేవాడు. డాక్టర్లు ఒప్పుకోకపోవచ్చు.

చివరికి ఒకనాడు మొగిలి మీసం మెలి తిరిగింది. ఆనందం పట్టలేక ఈల పారేసి మెట్లెక్కి పరుగెత్తాడు. కొమురయ్య కొడుకు గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి శ్రద్ధగా చూశాడు. "మస్తుగ మొలిచింది బిడ్డా" అని మెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రమే ఖాజాగూడ బజారుకు వెళ్లి కొడుకు కోసం స్వయంగా ఒక కొత్త రేజరు కొనుక్కొచ్చాడు, దుకాణంలో ఉన్నవాటన్నిటిలోకీ చవకైనది ఏరి మరీ.