ఏడ్చే ఆఫీసు

"ఏసీ అన్న మాటే వినపడని పదహారంతస్తుల గవర్నమెంటాఫీసు కడుతున్నాం. ఇందులో ప్రకృతే ఉద్యోగం చేస్తుంది!" అని మంత్రిగారు మంగళగిరి దగ్గర కొబ్బరికాయ కొట్టి ప్రకటించారు. పక్కనున్న ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు లక్ష్మీనరసింహంగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టారు. కొట్టరా మరి! రిటైరయ్యేలోపు సూపరింటెండింగ్ ఇంజనీరు, అంటే ఎస్.ఈ., అనిపించుకోవాలన్నది ఆయన ఏకైక కోరిక. ఒక్క ఏసీ కూడా పెట్టకుండా బిల్డింగు నడిపిస్తే ప్రమోషన్ ఆర్డరు చేతిలో పెడతానని మంత్రిగారు మాటిచ్చారు.

డిజైన్ వేదశ్రీ అనే కుర్ర ఆర్కిటెక్టుది. ఫ్లైయాష్ ఇటుకలు, మార్టూరు గ్రానైటు, మధ్యలో కింది నుంచి పైదాకా పొగగొట్టంలాంటి ఖాళీ. వేడిగాలి అందులోంచి పైకి పోతుంటే, దక్షిణం కిటికీల్లోంచి బయటి గాలి దానంతటదే లోపలికొస్తుంది.

"దక్షిణాన ఏముంది సార్?" అని అడిగిందా అమ్మాయి.

"ఖాళీ స్థలమమ్మా."

అబద్ధం కాదు. సర్వే ఆషాఢంలో చేశారు. అప్పుడక్కడ నాలుగు గేదెలు తప్ప ఏమీ లేవు. గుంటూరు గడ్డ మీద పుట్టిన మనిషికి అలాంటి జాగా మాఘమాసం దాకానే ఖాళీ అని తెలీదా అంటే, శుభ్రంగా తెలుసు. కానీ ఆ సంగతి ఫైల్లో లేదు. ఫైల్లో లేని విషయం తెలిసినట్టు కనపడటం లక్ష్మీనరసింహంగారి సర్వీసులోనే లేదు.

బిల్డింగు పూర్తయ్యాక మంత్రిగారి సిద్ధాంతి ప్రారంభోత్సవానికి ఫాల్గుణంలో ముహూర్తం పెట్టాడు.

రిబ్బన్ కత్తిరించారు. కిటికీలు తెరిచారు. డిజైన్ అద్భుతంగా పనిచేసింది. ఎదురుగా కల్లాల్లో ఎకరాలకొద్దీ ఆరబోసిన మిరపకాయల ఘాటునంతా పీల్చి, పదహారంతస్తులకీ ఏ పక్షపాతమూ లేకుండా పంచింది. మంత్రిగారు "నా పేద ప్రజలు..." అన్నారో లేదో, కళ్ళు ధారలు కట్టాయి. కలెక్టరు ఏడ్చారు. పురోహితుడు ఏడ్చాడు. టీవీల్లో 'పేదల కోసం కంటతడి పెట్టిన మంత్రి' అని గంటగంటకీ వేశారు.

లక్ష్మీనరసింహంగారు ఇక తన ప్రమోషన్ గంగలో కలిసిందనుకున్నారు.

"ఏంటయ్యా ఈ గాలి?" అన్నారు మంత్రిగారు ముక్కు తుడుచుకుంటూ.

"మిరపకాయలండి. రేపే కల్లాలు ఎత్తించేస్తానండి."

"అవి ఎత్తించావో, నిన్ను ఎత్తించేస్తాను! ఎన్నేళ్ళ నుంచో కెమెరా ముందు ఏడుద్దామని చూస్తున్నానయ్యా, ఒక్క చుక్క రాలేదు!"

ఆ మర్నాటి నుంచి ఆ ఆఫీసు దశ తిరిగింది. పింఛను కోసం వచ్చిన కనకలక్ష్మమ్మ అర్జీ అందుకోగానే సెక్షను సూపర్నెంటు వెక్కివెక్కి ఏడ్చాడు. ఆవిడ కంగారుపడి, "ఊరుకో నాయనా, రాకపోతే పోయింది పింఛను, నువ్వు బాధపడకు" అని వీపు నిమిరి వెళ్ళింది. ఆ సంగతి తుళ్లూరు దాకా పాకింది. జనం పనులు కావడానికి కాదు, తమ కష్టానికి ఆఫీసర్లు ఏడుస్తుంటే చూడ్డానికి ఆటోలు కట్టించుకుని వచ్చారు. అర్జీల్లో ఒక్కటీ కదల్లేదు, ఒక్కరూ తిట్టలేదు. ఇంతటి సుపరిపాలన ఎవరు చూశారు!

చైత్రం వెళ్ళేసరికి చిక్కొచ్చిపడింది. రైతులు వచ్చిన రేటుకే కాయలు అమ్ముకుని కల్లాలు ఖాళీ చేస్తున్నారు. కన్నీళ్ళు పలచబడ్డాయి. మళ్ళీ వచ్చిన కనకలక్ష్మమ్మ, "పోయిన నెల ఏడ్చిన మనిషివి, ఇవాళ బండరాయిలా కూర్చున్నావేంట్రా?" అని సూపర్నెంటుని నిలదీసింది. లక్ష్మీనరసింహంగారికి నిద్ర పట్టలేదు. ఆయన ఆశంతా ఇప్పుడు ఒకే ఒక్క మిరప రాశి మీద ఉంది. అది నాగూర్ వలి అనే రైతుది. రేటు పడిపోయిందని అమ్మకుండా కూర్చున్నాడు.

ఆ నాగూర్ వలి ఒకరోజు అర్జీ పట్టుకుని వచ్చాడు. సరిగ్గా ఆవేళే మంత్రిగారు టీవీ వాళ్ళతో వచ్చి ఉన్నారు.

"కోల్డ్ స్టోరేజీలో జాగా లేదంటున్నారండి. వానొస్తే సర్వనాశనమైపోతాను. గవర్నమెంటే కొనాలండి" అన్నాడు.

మంత్రిగారు ఇంజనీరు చెవిలో అడిగారు. "కొంటే?"

"లారీలో ఎక్కించుకు పోవాలండి."

"పోతే?"

"కళ్ళు ఆరిపోతాయండి."

మంత్రిగారు గాఢంగా ఆలోచించారు. "నాగూర్ వలిగారూ! మీ కాయ మీ కాయ కాదు, ఈ ప్రభుత్వానికి గుండెకాయ. అమ్ముకోవాల్సిన ఖర్మ మీకు పట్టనివ్వం. కల్లం అక్కడే ఉంటుంది. కాయల మీదికి కొత్త పట్టా మేమే ఇస్తాం, కప్పుకోండి" అని నీలం రంగు టార్పాలిన్ చేతిలో పెట్టారు. అదే చేత్తో లక్ష్మీనరసింహంగారికి ప్రమోషన్ ఆర్డరు ఇచ్చారు. జన్మ తరించింది! ఆయన కళ్ళు నిండిపోయాయి. అది ఆనందమో, ఘాటో ఆయనకే తెలీలేదు.

"మరి ఎప్పుడు కొంటారండీ?" అన్నాడు వలి.

సమాధానంగా అందరూ ఏడ్చారు. మంత్రిగారు, కొత్త ఎస్.ఈ.గారు, సూపర్నెంటు, అందరూ వలి చుట్టూ నిలబడి ఏడ్చారు. ఫొటోగ్రాఫరు కెమెరా ఎత్తి, మళ్ళీ దించాడు.

"సార్, మధ్యలో ఆయన కళ్ళల్లో తడి లేదు. ఫొటో పాడవుతోంది. కొంచెం పక్కకి జరగమనండి."

వలి టార్పాలిన్ చంకలో పెట్టుకుని పక్కకి జరిగాడు. ఫొటో చాలా బాగా వచ్చింది.