వియన్నాకు కుట్టించిన కోటు

శుక్రవారం సెలవు కాబట్టి వేణుగోపాలరావు పొద్దున్నే రెండు పనులు పెట్టుకున్నాడు. కొత్త కోటు తొడుక్కుని చూసుకోవడం ఒకటి, ఉపన్యాసం భార్యకు చదివి వినిపించడం మరొకటి. సావిత్రి మొదటిదానికి మాత్రం ఉత్సాహంగా ఒప్పుకుంది.

చమురు ధర చుక్కలనంటిన రోజులవి. దోహా అవతల ఎడారిలో ఉన్న చమురు పట్నం దుఖాన్‌లో ఎటు చూసినా కొత్త పైపులు వేస్తున్నారు. ఆ పైపుల కాంట్రాక్టు కంపెనీలో వేణుగోపాలరావు సైటు ఇంజనీరు. ఇనుముకు తుప్పు ఎందుకు పడుతుంది, పైకి నిగనిగలాడుతూనే లోపల్లోపల ఎలా తినేస్తుంది అన్న విషయం మీద ఆయన రాసిన వ్యాసాన్ని వియన్నా నగరంలో జరిగే సదస్సు వారు అంగీకరించారు. తుప్పు గురించి ఆయనకు తెలిసినంత దుఖాన్‌లో మరొకరికి తెలియదు. కిందటి నెల ఆయన సైటులోనే నిచ్చెన మెట్టు తుప్పు తినేసి విరిగి, ముత్యం అనే కూలీ పైనుంచి పడి చనిపోయాడు. వేణుగోపాలరావు రిపోర్టులో ‘పనివాడి అజాగ్రత్త’ అని రాసి సంతకం పెట్టి, మళ్ళీ తన వ్యాసం ముందు కూర్చున్నాడు.

సదస్సు వారు ప్రతినిధుల సౌకర్యం కోసం ఒక కరపత్రం కూడా పంపారు. మార్చిలో మంచు పడవచ్చు, వెచ్చని కోటు తప్పనిసరి. కుళాయి నీళ్ళు నిర్భయంగా తాగవచ్చు. పాత నగరమంతా రాళ్ళు పరిచిన వీధులు, గట్టి బూట్లు తెచ్చుకోవాలి. ఆదివారం దుకాణాలు తెరవరు. విమానాశ్రయంలో ఎవరూ ఎదురు రారు, ప్రతినిధులే బస్సెక్కి రావాలి. వేణుగోపాలరావు దీన్ని కంఠస్థం చేసి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ అప్పజెప్పాడు. ఆ వారం క్వార్టర్స్‌లో ఆయన ఎదురైతే మంచినీళ్ళ ప్రస్తావన వస్తుందని జనం పక్క సందులోకి తిరిగిపోయేవారు.

కోటు మాత్రం సావిత్రి తెలివి. దోహా బజారంతా తిరిగినా మంచుకు తట్టుకునే కోటు దొరకలేదు. క్యాంపులో కూలీలకు పంచే గోధుమరంగు కంబళి ఒకటి స్టోరు నుంచి తెప్పించి, దర్జీ చేత మోకాళ్ళ దాకా వచ్చే కోటు కుట్టించింది.

"ఏమండీ, దొరలా ఉన్నారు. కాకపోతే కొంచెం కంబళి వాసనొస్తోంది."

"అక్కడి చలికి వాసనలు తెలియవులే," అన్నాడు వేణుగోపాలరావు, చెమటలు కక్కుతూ.

సరిగ్గా అప్పుడే తలుపు చప్పుడైంది.

వచ్చినవాళ్ళ సంగతి కొంచెం ముందు నుంచి చెప్పాలి. ముత్యం శవం నెల రోజులుగా దోహా ఆసుపత్రి చల్లగదిలో పడి ఉంది. తోడు మనిషి లేకుండా శవాన్ని పంపేది లేదని కంపెనీ అంది. తోడుగా పోతామన్న కూలీలకేమో పని ఆగిపోతుందని సెలవివ్వలేదు. ముత్యం బావమరిది పోశన్న రోజూ వచ్చి గుమ్మం ముందు నిలబడుతుంటే విసుగెత్తి, పర్సనెల్ మేనేజర్ లియాఖత్ అలీ "ఎవరో ఒక ఆఫీసర్‌ని చూసి పంపిస్తాలే, యల్లా, నడవండి" అని తోలేశాడు. మర్నాడు డ్రైవర్ రఫీయుద్దీన్ దేశం దాటడానికి ఎగ్జిట్ ముద్ర వేయించిన పాస్‌పోర్టు ఒకటి దోహా నుంచి తెస్తూ క్యాంపులో టీ తాగడానికి ఆగాడు. ఎవరిదని అడిగితే, "రావు సాబ్‌ది. గురువారం పోతుండు" అన్నాడు. ఎక్కడికని ఎవరూ అడగలేదు. దుఖాన్ నుంచి మనవాడు పోయేది ఇంటికే. ఆ క్యాంపుకు తెలిసిన ప్రయాణం అదొక్కటే.

తలుపు తీసిన వేణుగోపాలరావు కాళ్ళమీద పోశన్న పడిపోయాడు. వెనక పదిమంది చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"మీరు పోతున్నరని తెలిసింది సార్. మీ రుణం ఎట్ల తీర్చుకుంటమో."

వేణుగోపాలరావు గుండె ఉప్పొంగింది. తన వ్యాసం కూలీల దాకా చేరిందన్నమాట. "లేవయ్యా, ఎవరో ఒకరు వెళ్ళాలి కదా. కంపెనీ పరువు విషయం."

"ఇన్ని దినాల సంది అడుగుతున్నం. ఒక్క ఆఫీసర్ ముంగటికి రాలే."

"వాళ్ళకంత ఓపిక ఎక్కడిదీ! నేను రాత్రింబవళ్ళు కూర్చున్నాను."

పోశన్న భోరుమన్నాడు. తన ప్రతిభకు మనిషి ఇంతలా చలించడం వేణుగోపాలరావు ఎన్నడూ చూడలేదు. ఆయనకూ కళ్ళు చెమర్చాయి.

"కాకపోతే అక్కడ దిగాక ఎవరూ ఎదురు రారట. నేనే దారి వెతుక్కోవాలి."

"అయ్యో, ఎందుకు రారు సార్! ఊరు ఊరంత వస్తది. ఇయ్యాల్నే తంతి కొడతం."

పాపం, వియన్నా అంటే తమ కరీంనగర్ అనుకుంటున్నాడని వేణుగోపాలరావు జాలిగా నవ్వుకున్నాడు. పోతూ పోతూ వాళ్ళొక రేకుపెట్టె గుమ్మంలో పెట్టారు. "మీరు సూసుకుంటరని తెలుసు సార్. జర పైలంగ తీస్కపోండ్రి," అని దండం పెట్టి వెళ్ళారు.

పెట్టెలో ఒక ట్రాన్సిస్టరు, సెంటు సీసా, నెమలికంఠం రంగు నైలాన్ చీర ఉన్నాయి. "సన్మానం లాంటిది," అన్నాడు భర్త. "చీర నాకేగా," అంది భార్య. ఇంట్లో మరో ఆడమనిషి లేదు కాబట్టి ఆ తీర్పు మీద వాదన జరగలేదు.

శనివారం క్యాంపు జనమంతా వెళ్ళి లియాఖత్ అలీకి దండాలు పెట్టారు. రావు సార్ ముత్యాన్ని తీసుకుపోతున్నాడని ఆయనకు తెలిసింది వాళ్ళ వల్లే. ఎంబసీ నుంచి తాఖీదు మీద తాఖీదు వస్తున్న సమయం. కాదనడానికి ఆయనకేమైనా పిచ్చా? వెంటనే ఎంబసీకి ఫోన్ చేసి, మా ఇంజనీరు స్వయంగా ముందుకొచ్చాడని చెప్పేశాడు. దోహా హెడ్డాఫీసు నుంచి అభినందన కూడా వచ్చింది. మేనేజరు వేణుగోపాలరావు చేయి పట్టుకుని, "క్యా బాత్ హై రావు సాబ్! కంపెనీ ఇజ్జత్ నిలబెట్టిన్రు" అన్నాడు. "అంతా మీ అభిమానం," అన్నాడు వేణుగోపాలరావు, బూట్ల కొలతల గురించి ఆలోచిస్తూ.

సోమవారం సాయంత్రం పక్క క్వార్టరులో ఆయనకు వీడ్కోలు టీ. సావిత్రి ఆ నైలాన్ చీర కట్టుకుని గుమ్మం దిగింది. ఎదురుగా తంతి కాగితం పట్టుకుని పోశన్న వస్తున్నాడు. చీర చూసి అక్కడే ఆగిపోయాడు.

"అమ్మా," అన్నాడు మెల్లగా. "గది గౌరవ్వది."

"గౌరవ్వ ఎవరు?"

"మా అక్క. ముత్యం బావ సెలవుల పోతే తీస్కపోదామని కొనుక్కొని పెట్టుకున్నడు. శవంతోని సార్ పట్టుకపోయి ఇస్తడని ఇచ్చినం."

సావిత్రి లోపలికి పోయి చీర విప్పేసి, మడత పెట్టలేక మంచం మీద కూలబడి ఏడ్చింది. బయట వేణుగోపాలరావు తాను పోయేది వియన్నాకని, అది వేరే దేశమని, అక్కడ ఆదివారం దుకాణాలు తెరవరని చెప్పాడు. కంగారులో ఆయనకు కంఠస్థం వచ్చినదే నోటికొచ్చింది.

పోశన్న తంతి చాపాడు. "ఊరంత బేగంపేట విమానం కాడికి బయలెల్లుతుంది సార్. మా అక్క మన తంతి అందినకాడికెళ్ళి ముద్ద ముట్టలేదట. ఇప్పుడు ఆమెకేమని చెప్పాలె?"

వేణుగోపాలరావు లియాఖత్ అలీ దగ్గరికి పరుగెత్తాడు. ఆయన తాపీగా విన్నాడు.

"నేను ముందుకు రాలేదండీ! వాళ్ళే పొరపాటు పడ్డారు!"

"పొరపాటు వాళ్ళదే కావచ్చు రావు సాబ్. కానీ ఎంబసీకి మీ పేరు చెప్పేశాం, శవం కాగితాల మీద మీ పేరే ఎక్కింది. ఇప్పుడు కాదంటే కంపెనీ పరువు ఖతం. మీ పాస్‌పోర్టు ఈ బీరువాలోనే ఉంది. బొంబాయి మీదుగా బేగంపేట పోతానంటే తీస్తా."

"మరి నా వ్యాసం?"

"నేను పోయి చదువుతా. టికెట్ వేస్ట్ కావద్దు కదా."

"మీకు తుప్పు గురించి ఏం తెలుసండీ?"

"రాసింది చదవడానికి తుప్పుతో పనేముంది? ఆ నీళ్ళ కాగితం కూడా ఇటివ్వండి." ఆయన ఒక్క క్షణం ఆగి, "కోటు కూడా," అన్నాడు.

కోటు మాత్రం వేణుగోపాలరావు ఇవ్వలేదు. అన్నీ పోయినవాడు ఏదో ఒకటి పట్టుకుని వేలాడాలి కదా.

బుధవారం దోహా ఆసుపత్రిలో శవాన్ని గుర్తుపట్టి సంతకం పెట్టాలన్నారు. చల్లగదిలోకి పోయేముందు అక్కడి మనిషి ఆయన పొట్టి చేతుల చొక్కా చూసి తల అడ్డంగా ఊపాడు. వేణుగోపాలరావు కారులోంచి కోటు తెచ్చుకుని తొడుక్కున్నాడు. వియన్నాకని కుట్టించింది మొదటిసారి అక్కడ అక్కరకొచ్చింది. సొరుగు లాగారు. ముత్యం మీద కప్పింది క్యాంపు కంబళి. అదే గోధుమరంగు, అదే ఎర్ర అంచు. ఆయన కోటు చేతుల చివరా ఆ ఎర్ర అంచే ఉంది, అందంగా ఉంటుందని సావిత్రి ఉంచమంది.

రిపోర్టు రాసిన రోజున వేణుగోపాలరావు ఈ ముఖం చూడలేదు. నలుగురు చెప్పింది విని రాశాడు. ఇప్పుడు చూసి, సిగ్గుతో తల దించుకున్నాడు. మనిషికి మహా అయితే పాతికేళ్ళు ఉంటాయి. సంతకం పెట్టే చోట కలం ఆనించి ఆగిపోయాడు. చలికనుకుని అక్కడి మనిషి కోటు బొత్తాలు పెట్టుకోమని సైగ చేశాడు.

గురువారం విమానాశ్రయంలో ఇద్దరు ప్రయాణికులూ పక్కపక్కనే కూర్చున్నారు. లియాఖత్ అలీ ఒళ్ళో వ్యాసం, చేతిలో కరపత్రం. "ఎవరూ ఎదురు రారటగా, బస్సు ఎక్కడ దొరుకుతుందో ఏమో" అని గొణుక్కుంటూ, తన విమానం పిలవగానే లేచి వెళ్ళిపోయాడు. ఆ విమానం పడమటికి ఎగిరిపోవడం అద్దంలోంచి కనిపించింది.

శవపేటికను రఫీయుద్దీన్ పికప్‌లో తెచ్చి దింపారు. వెంట వచ్చిన పోశన్న, సావిత్రి చీర మడతపెట్టి తిరిగి పంపిన రేకుపెట్టెను మళ్ళీ వేణుగోపాలరావు చేతికిచ్చాడు. ఈసారి కాళ్ళకు మొక్కలేదు.

"మా అక్క ఒక్కటే అడుగుతది సార్. ఎట్ల పడ్డడని. మాకు చెప్పస్తలేదు. మీరు ఇంజనీరు గదా, వివరంగ చెప్పుండ్రి."

వేణుగోపాలరావు అలాగేనని తలూపాడు. ఆ విషయాన్ని ఆయన ఎంతో వివరంగా రాసిన వ్యాసం అప్పటికే వియన్నా దారిలో ఉంది.