నలభై మంది కొలతలు

ఆ రోజు ఎలాగైనా నలభై మంది నర్సుల యూనిఫాములకు కత్తెర పెట్టాలని 'రేపు' మాస్టారు గట్టిగా అనుకున్నారు. ఎవరు బట్టలడిగినా "రేపు సాయంత్రం రండి" అనే టైలరు కాబట్టి ఆయనకు ఆ పేరు స్థిరపడింది. కానీ శుక్రవారం దాటితే ఆర్డరు ఎదురు కొట్టుకు ఇస్తానని పెద్ద నర్సు చెప్పి వెళ్లింది. అన్నంత పనీ చేసే మనిషి.

కోడలు కంప్యూటరు తెరిచింది. ఎవరో మెయిల్లో పంపిన 'అయిదు వందల చొక్కాల ఆర్డరు'ను మాస్టారు నిన్న ఆత్రంగా నొక్కిన ఫలితం తెర మీద ఎర్రగా కనిపించింది: "మీ ఫైళ్లకు తాళం వేశాం. బిట్‌కాయిన్‌లో ఇరవయ్యో వంతు పంపితే తీస్తాం. సందేహాలుంటే కింద రాయండి."

"కొలతల పుస్తకం ఏదమ్మా?"

"కంప్యూటర్లోకి ఎక్కించాక మీరే కదా మామయ్యా, చించి కాలర్ల నమూనాలు కత్తిరించారు. పోలీసుల దగ్గరికి వెళ్దాం పదండి."

"ఏ మొహం పెట్టుకుని? ఇన్‌స్పెక్టరు గారి ప్యాంటు మూడు వారాలుగా మన దగ్గరే ఉంది. సందేహాలున్నాయని రాయి."

దొంగ ఓపిగ్గా చెప్పాడు. బిట్‌కాయిన్ అంటే కంప్యూటర్లో నడిచే డబ్బు, కంటికి కనపడదు, చేతికి తగలదు, ఎవరి దగ్గరికి పోయిందో పట్టుకోవడం కష్టం.

"లైనింగు లాంటిదన్నమాట," అన్నారు మాస్టారు.

బిట్‌కాయిన్ కొనే ఖాతా తెరవడానికి ఫోటో కావాలి. మెడలో టేపుతో మాస్టారు దిగిన ఫోటో మూడుసార్లు తిరిగొచ్చింది. ఈలోగా మధ్యాహ్నమైంది, బిట్‌కాయిన్ ధర పెరిగింది.

"పొద్దున ఒక రేటు, ఇప్పుడొక రేటా? అడుగమ్మా."

"ధర వాళ్ల చేతుల్లో లేదట మామయ్యా."

"కుట్టుకూలి నా చేతుల్లో లేదంటే పెద్ద నర్సు ఊరుకుంటుందా? అసలు వీడు తాళం తీయగలడని నమ్మకమేంటి? ముక్క చూపించకుండా బట్ట ఎవరు కొంటారు? ముక్క చూపించమను."

దొంగకు ప్రాణం లేచొచ్చింది. వాళ్ల వ్యాపారంలో ఇది మామూలే. "నమ్మకం కోసం ఒక్క ఫైలు ఉచితంగా తెరుస్తాం. ఏదైనా పంపండి," అని రాశాడు.

ఒక్కొక్కరికీ ఒక ఫైలు పెడదామని కోడలు మొదట్లోనే మొత్తుకుంది. అంతా ఒకే పుస్తకంలో ఉండాలని మాస్టారు పట్టుబట్టారు. దుకాణం మొత్తానికి ఉన్నది ఆ ఒక్క ఫైలే. కోడలు దాన్నే పంపింది.

అయిదు నిమిషాల్లో తిరిగొచ్చింది. పెద్ద నర్సు నడుముతో మొదలై నలభై మంది కొలతలూ అంగుళం పోకుండా ఉన్నాయి. మాస్టారు కత్తెర అందుకున్నారు.

"నమ్మకం కుదిరిందా? డబ్బు ఎప్పుడు?" అని అడిగాడు దొంగ.

మాస్టారు బట్ట మీంచి తల ఎత్తలేదు.

"రేపు సాయంత్రం రమ్మను."

యూనిఫాములు శుక్రవారానికి అందాయి. దొంగ మాత్రం ఇప్పటికి నాలుగు సాయంత్రాలు వచ్చి వెళ్లాడు.