సైదమ్మ దెబ్బకు పద్నాలుగు వాటాలు

ట్రాక్టర్ ఇనుప చక్రం కింద నలిగిన సైదమ్మ కుడికాలి దెబ్బను నిబంధనల ప్రకారం నాట్ల ముఠాలోని పద్నాలుగు మంది ఆడవాళ్లకూ సమానంగా పంచేశారు. పంపకం సోమవారం పొద్దున పదిన్నరకు, అంటే గాయాల ఆఫీసు తెరిచిన అరగంటలోనే పూర్తయింది. ఆసుపత్రి మంచం మీదున్న సైదమ్మ లేచి నిలబడింది. అదే నిమిషంలో పొలంలో నారు పీకుతున్న మిగతా పదమూడు మందీ కుడి మోకాలు పట్టుకుని గట్టు మీద కూలబడ్డారు.

ఇందులో ఆఫీసును తప్పుపట్టడానికి లేదు. దమ్ము చేస్తున్న ట్రాక్టర్ వెనక్కి వచ్చినప్పుడు సైదమ్మ నారుకట్టలు మోస్తోంది. డాక్టరు తొంభై ఎనిమిది శాతం వైకల్యం అని రాసిచ్చాడు. అంతకుముందు శుక్రవారం వ్యవసాయ కూలీల గాయాల కార్యాలయంలో గుమస్తా దరఖాస్తు నింపుతూ, "మీ ముఠాలో పంపకం ఎట్లుంటది?" అని ముఠా పెద్ద అచ్చమ్మను అడిగాడు. నాట్లు గుత్తకు పట్టి, వచ్చిన కూలి తలా ఇంతని పంచడంలో అచ్చమ్మకు చుట్టుపక్కల ఊళ్లలో మంచి పేరు. ముసలిదని పిచ్చమ్మకు తగ్గించింది లేదు, చేయి చురుకని ఎవరికీ పెంచింది లేదు. "మా కాడ అంతా సమానమే సారూ. ఒకలకెక్కువ, ఒకలకు తక్కువ ఉండది" అంది గర్వంగా. గుమస్తా అదే ముక్క రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. పాపం, ఆ గర్వమే కొంప ముంచింది.

తొంభై ఎనిమిదిని పద్నాలుగుతో భాగిస్తే తలా ఏడు. పది శాతానికి తక్కువైన దెబ్బకు పరిహారం ఇవ్వరు. ఈ సంగతి ఆఫీసు గోడ మీద పెద్దక్షరాలతో రాసే ఉంది. చదువు రాకపోతే గోడ మాత్రం ఏం చేస్తుంది?

నడవగలిగినందుకు సైదమ్మ రెండు రోజులు సంతోషపడింది, అబద్ధమెందుకు. మూడో రోజు పనిలోకి వెళ్లి చూస్తే తనతో కలిపి పద్నాలుగు మందీ ఒకే తీరున కుంటుతూ గట్టు దిగుతున్నారు. అందరూ కుంటుతుంటే ఎవరూ కుంటుతున్నట్టు కనపడదు కాబట్టి ఆసామికి ఏ తేడా తెలియలేదు. అరవై దాటిన పిచ్చమ్మ మాత్రం ప్రతి అడుగుకూ తొడను చేత్తో ఎత్తి పెట్టుకుంటోంది.

"ఎట్లుంది పెద్దమ్మా?" అని అడిగింది సైదమ్మ.

"నీ దెబ్బ అచ్చం నీ లెక్కనే ఉందే బిడ్డా. పొద్దుగాల నిమ్మళంగుంటది, మాపటికి లొల్లి పెడ్తది" అంది పిచ్చమ్మ.

సైదమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. తన కాలి మీదికెక్కిన చక్రం ఈ ముసలి ప్రాణం మీదికి కూడా ఎక్కిందన్న మాట ఆమెకు ఆ పూట ముద్ద మింగుడు పడనివ్వలేదు. దెబ్బ మొత్తం తనకే తిరిగి ఇప్పించమని మర్నాడే అర్జీ పెట్టింది. దెబ్బ ఒక్క కాలికి చేరితే పరిహారమూ వస్తుంది, పదమూడు మంది కాళ్లూ తేలికపడతాయి.

అధికారి మురళీధర్ మంచివాడు. ఆమెను కూర్చోబెట్టి మాట్లాడాడు.

"పంచిన దెబ్బను తిరిగి కలపొచ్చమ్మా. కానీ కలిపినంక నువ్వు జన్మల నిలబడలేవు. తెల్సా?"

"తెల్సు సారూ. నా దెబ్బ నేనే పడ్త. వాళ్లనెందుకు ఏడిపిచ్చుడు?"

ఆయన నిబంధనల పుస్తకం తీసి చూశాడు. తర్వాత నిబంధన చెప్పాడు. ఈ ఏడు శాతం ట్రాక్టర్ దెబ్బదేనని రుజువు కావాలి. అందుకు ఏ ప్రమాదమూ జరగని ముఠానొకదాన్ని పిలిపించి, వాళ్ల కాళ్లూ కొలిచి, రెండింటినీ పోల్చి చూడాలి.

చెప్పిన రోజుకు సైదమ్మ ముఠా, పక్క ఊరి నుంచి కనకమ్మ ముఠా వచ్చాయి. కనకమ్మ వాళ్లూ పద్నాలుగు మందే. పుట్టి బుద్ధెరిగాక ఏ ట్రాక్టరూ వాళ్ల జోలికి రాలేదు. డాక్టరు ఒక్కొక్కరి మోకాలు వంచి, నడుము వంచి, రాసుకుంటూ పోయాడు. మధ్యాహ్నానికి లెక్క తేలింది. ఒకరికి ఏడు, ఒకరికి ఎనిమిది, కనకమ్మకు తొమ్మిది. ఏడుకు తగ్గినవారు ఒక్కరూ లేరు.

మురళీధర్ రెండు ముఠాల కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని రెండుసార్లు చూశాడు. నాట్లేసే మనిషికి ఏడు శాతం ఉండటం సహజం, కాబట్టి సైదమ్మ ముఠాలో ఎవరికీ దెబ్బ లేదు, లేని దెబ్బను తిరిగి ఇప్పించడం కుదరదు అని ఉత్తర్వు రాశాడు.

"అంటే నాకు దెబ్బ తగల్లేదా సారూ?" అని అడిగింది సైదమ్మ.

"తగిలిందమ్మా. మామూలుల కలిసిపోయింది."

ఆయనకు నిజంగానే బాధ కలిగింది. ఇరవై ఎనిమిది మందికీ టీ తెప్పించాడు. టీ తాగుతున్న కనకమ్మకు ఒక అనుమానం వచ్చింది.

"సారూ, ఆమెకు ట్రాక్టరెక్కింది, వీళ్లకు పంచిన్రు, సరే. మా కాడ ఎవలకూ ఏం కాలె. మరి మాకు ఎవల దెబ్బ పంచిన్రు?"

న్యాయమైన ప్రశ్నే. మురళీధర్ రిజిస్టరు మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పాడు. వెనక బీరువాలోని పాత రిజిస్టర్లు కూడా తీయించాడు.

"పేరు లేదమ్మా" అన్నాడు చివరికి.

"పాపం, ఎవలో ఏమో. పేరు తెలిస్తే ఒకపారి పోయి పలకరించి వచ్చెటోళ్లం" అంది కనకమ్మ.

ఇరవై ఎనిమిది మందీ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగారు. మర్నాడు రెండు ఊళ్లలోనూ నాట్లున్నాయి.