కోళ్లు లెక్కపెట్టిన కానిస్టేబుల్‌కు ఒక రాయి

దేశమన్నాక పూర్వీకులుండాలి, ఉన్నవాళ్లు పదిమందిలో చెప్పుకోదగ్గవాళ్లయి ఉండాలి. ఈ విషయంలో ఐర్లండ్ పడమటి తీరాన ఉన్న బాలిగార్వ పట్టణం సాధించిన ప్రగతి సామాన్యమైనది కాదు. అక్కడ ఇంగ్లండు మీద తిరుగుబాటు చేసిన వీరుడు లేని ఇల్లు లేదు. ఇంగ్లండు రాజుగారి ఏలుబడిలో అదే ఊరి ఠాణా నిండా కానిస్టేబుళ్లుండేవారు, అందరూ ఐర్లండ్ రైతుబిడ్డలే. అయితే ఊరి లెక్క ప్రకారం వాళ్లలో ఒక్కరికీ పెళ్లికాలేదు, పిల్లలు పుట్టలేదు, మనవల మాట సరేసరి. (ఆ ఉద్యోగం పొడుగాటి వాళ్లకే ఇచ్చేవారు. ఇప్పుడు ఊళ్లో సగంమంది గుమ్మాలకు తల కొట్టుకుంటూ తిరగడానికి కారణం వాతావరణమని పెద్దలు తేల్చారు.)

ఈ ప్రగతికి అడ్డుతగిలిన మనిషి పేరు అట్రాక్టా. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరైంది. ఆమె తల్లి కన్‌సెప్టాకు తొంభై దాటాయి. గుండె డాక్టరు ఆ పెద్దావిడతో వచ్చే క్రిస్మస్ గురించి మాట్లాడటం మానేశాడు. ఆవిడకు మిగిలింది ఒకటే కోరిక. తన తాత బార్థలోమ్యూ టాన్సీ బాలిగార్వ చర్చి పెరట్లో పేరులేని మట్టిదిబ్బ కింద ఉన్నాడు. ఆయన పేరు, ఆయన ఉద్యోగం రాయి మీద చెక్కించాలి. తాను పోయాక తననూ ఆ పక్కనే పెట్టాలి.

"మా నాన్న దగ్గర తాత పేరెత్తితే చాలు, లేచెళ్లి టీకి నీళ్లు పెట్టేసేవాడే," అంది కన్‌సెప్టా. "ఆయన బతికినన్నాళ్లూ మా ఇంట్లో తాగినంత టీ ఇంకెవరింట్లోనూ తాగుండరు. తాత ఏం చేసేవాడు నాన్నా అంటే, బయట తిరిగే ఉద్యోగం అనేవాడు. మేకలు కూడా బయటే తిరుగుతాయి కదా! పోలీసే బాబూ అని ఒక్కడైనా నోరు విప్పాలి. నేను పోయేలోపల విప్పాలి."

రాయికి అనుమతి కోసం అట్రాక్టా వారసత్వ నిర్ధారణ కార్యాలయానికి వెళ్లింది. అక్కడి అధికారి ఫెస్టస్ డివిల్లీ మర్యాదస్థుడు. ఎవరికీ ఏ పనీ చేసిపెట్టకుండానే అందరిచేతా కృతజ్ఞతలు చెప్పించుకోగలవాడు.

పాత పోలీసుశాఖకు ఒక నియమం ఉండేది. కానిస్టేబుల్‌ను సొంత జిల్లాలో వేయరు, భార్య పుట్టిన జిల్లాలోనూ వేయరు. (చుట్టాల మీద చెయ్యి ఆడదని భయం. ఇప్పటి కార్యాలయాలకు అలాంటి బలహీనతలు లేవు.) ఈయన మీవాడేనా అని కార్యాలయం అడిగితే, ఈ నియమం వల్ల టాన్సీ పుట్టిన జిల్లావారు, అతను మమ్మల్ని వదిలి వెళ్లినవాడు అని రాశారు. భార్య జిల్లావారు, అల్లుళ్లు మా పరిధిలోకి రారు అన్నారు. మిగిలింది బాలిగార్వ.

"ఇక్కడివాడు కాదు కదండీ," అన్నాడు డివిల్లీ బాధగా.

"ఇక్కడే చచ్చిపోయాడండీ!"

"అది ఎవరికైనా జరగొచ్చు."

"అయితే మా ముత్తాత ఏ జిల్లా మనిషంటారు?"

"ప్రయాణంలో ఉన్న వ్యక్తిగా పరిగణిస్తున్నాం."

"వందేళ్ల నుంచా?"

"మన రైళ్ల సంగతి మీకు చెప్పేదేముంది, అట్రాక్టా గారూ."

ఏ జిల్లాకూ చెందని మనిషి పేరు సమాధుల పటంలో ఎక్కదు కనుక ఆ చోటు ఖాళీ కిందే లెక్క. అట్రాక్టా మూడు దశాబ్దాలు ఇరుకు సందుల్లో బస్సు తిప్పిన మనిషి. సందు కనిపించగానే దూరిపోయింది.

"ఖాళీ అయితే అమ్మండి. మా అమ్మ పేరున కొనుక్కుంటాం."

"అమ్మడానికి వీల్లేదండీ. అందులో ఒకాయన ఉన్నాడు."

"ఎవరు?"

"ఆ పేరు మేం చెప్పకూడదు."

టాన్సీ చావు గురించి ఊరికి తెలియనిదేమీ లేదు. ఎవరింట్లో ఎన్ని కోళ్లున్నాయో ఏటా లెక్కరాసి పంపడం ఆ రోజుల్లో కానిస్టేబుళ్ల విధి. ఆ పనిమీదే సైకిలు నడిపించుకుంటూ ఒంటరిగా కిల్‌రూ కూడలి దాకా వచ్చాడు. రాళ్లగోడ వెనక నక్కిన తొమ్మిదిమంది తిరుగుబాటుదారులు కాల్చారు. చరిత్రలో దీన్ని కిల్‌రూ మహాసమరం అంటారు. ఆ గోడ వెనక మా తాత కూడా ఉన్నాడని కార్యాలయం నుంచి ధ్రువపత్రాలు పొందిన కుటుంబాలను బట్టి చూస్తే, ఆ గోడ కనీసం మూడు మైళ్ల పొడవుండాలి. (కాల్చినవాళ్ల వారసులకు ఏటా విందు ఉంటుంది. కోడికూర వడ్డిస్తారు.)

శీతాకాలంలో కన్‌సెప్టా రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లివచ్చింది. రెండోసారి వచ్చాక మెట్లెక్కలేక, వంటింటి పక్క గదిలోనే మంచం వేయించుకుంది. "నా సంగతి సరే, రాయి సంగతేమైందే?" అని పొద్దునా సాయంత్రం అడిగేది. అట్రాక్టా వెళ్లి టీకి నీళ్లు పెట్టేది.

చివరికి డివిల్లీయే జాలిపడ్డాడు. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించాడు.

"అందరూ చేసేదే చెబుతున్నాను, మనసులో పెట్టుకోకండి. మీ ముత్తాత పైకి పోలీసు, లోపల మనవాడు అని ఒక్క ముక్క రాసివ్వండి. మిగతాది మేం చూసుకుంటాం."

"ఆయన లోపలా పోలీసేనండీ. కోడిని దాచిపెట్టినందుకు చర్చి ఫాదరుగారి వంటమనిషి మీదే కేసు రాశాడట!"

"అది ఆమె ధైర్యాన్ని పరీక్షించడం అయ్యుంటుంది. అమ్మగారి ఆరోగ్యం ఎలా ఉంది?"

అట్రాక్టా సంతకం పెట్టింది. కారు దాకా వచ్చాక తనమీద తనకే అసహ్యం వేసింది. బతికుండగా తూటా తిన్న మనిషికి చచ్చాక తాను చేసిన మర్యాద ఇదీ అనుకుంది. తర్వాత, అమ్మ బతికుండగా రాయి లేస్తుంది కదా అనుకుంది. ఆ రెండో మాటే పట్టుకుని ఇంటికి వెళ్లింది.

ఆ తర్వాత కార్యాలయం పనిచేసిన వేగం చూసి కార్యాలయమే ఆశ్చర్యపోయింది. ప్రయాణంలో ఉన్న టాన్సీ అరగంటలో గమ్యం చేరాడు. పుట్టిన జిల్లా మావాడంది, భార్య జిల్లా మా అల్లుడంది, బాలిగార్వ ఇద్దరినీ కసిరి ఆయన మట్టి మాదంది. ఆయన పేరుమీద ఒక వీధి మలుపునూ, గొర్రెల పోటీలో ఒక కప్పునూ ప్రకటించారు.

రాయి ఆవిష్కరణకు ఉపమంత్రి వచ్చాడు. బ్యాండు వచ్చింది. పంది మాంసం శాండ్‌విచ్‌లు వచ్చాయి, వాటితోపాటు ఊరంతా వచ్చింది. కన్‌సెప్టాను చక్రాల కుర్చీలో ముందు వరుసలో కూర్చోబెట్టి, కాళ్లమీద దుప్పటి కప్పారు. గుడ్డ తొలగింది. నల్లరాతి మీద బంగారు అక్షరాలు.

ముసలావిడ కళ్లద్దాలు సర్దుకుంది. కనిపించలేదు.

"చదవవే," అంది.

అట్రాక్టా వంగి దుప్పటి అంచు సర్దసాగింది. డివిల్లీయే ముందుకు వచ్చి, ప్రార్థన చదివినంత శ్రద్ధగా చదివాడు: "వీరుడు బార్థలోమ్యూ టాన్సీ. కిల్‌రూ కూడలిలో పోలీసుల తూటాలకు నేలకొరిగాడు." ఊరు చప్పట్లు కొట్టింది. వీరులు పోలీసుల చేతిలోనే పోవాలన్నది కార్యాలయ నిబంధన. దరఖాస్తులో ఇంకో గడి లేదు.

"ఎవరు కాల్చారన్నావు?"

"పోలీసులండీ, అమ్మగారూ."

కన్‌సెప్టా కూతురి వైపు చూసింది. అట్రాక్టా గడ్డి వైపు చూసింది. ముసలావిడకు అంతా అర్థమైపోయింది.

"ఏరా డివిల్లీ అబ్బాయ్! మీ నాన్న ఉన్న గొర్రెల్ని రెండుసార్లు లెక్కపెట్టి సబ్సిడీ తిన్నాడు, నువ్వు ఉన్న పోలీసును లేడంటున్నావు. ఆ రోజు ఆ కూడలిలో ఉన్న పోలీసు మా తాతొక్కడే కదరా!"

బ్యాండు ఆగిపోయింది. ఉపమంత్రి శాండ్‌విచ్ నమలడం ఆపాడు. డివిల్లీ మాత్రం తొణకలేదు. చక్రాల కుర్చీ పక్కన వంగి, ఎంతో గౌరవంగా చెప్పాడు.

"అలాగైతే అది ఆత్మహత్య కిందికి వస్తుందమ్మా. దానికి వేరే కౌంటరు."