నాలుగో భవనానికి ఇరవై నిమిషాలు

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి నాలుగో భవనం నేలమాళిగలో కారుతున్న ఒక వాల్వుకు వాషర్ మార్చాలి. ఇరవై నిమిషాల పని. డాన్యూబ్ నదికి బల్గేరియా ఒడ్డున ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో నీళ్లు, వేడి, కరెంటు అన్నిటినీ చూసుకునే ఇంజనీరు రుమ్యానా కొలారోవా ముందు రోజు మధ్యాహ్నమే నోటీసు రాసి ఆఫీసు మేనేజరు గెన్యో చేతికిచ్చింది. "రేపు ఎనిమిదింటికి నాలుగో భవనానికి ఇరవై నిమిషాలు నీళ్లు రావు." ఎనిమిది పదాలు. పాడు చేయడానికి అందులో చోటు లేదనుకుంది.

ఏడున్నరకు ఫిట్టర్ స్పాస్‌తో కలిసి ఆమె పంపుల గదిలో అడుగుపెట్టేసరికి ప్రెషర్ మీటరు ముల్లు కిందికి దిగిపోతోంది.

"అన్నా, అప్పుడే వాల్వు విప్పేశావా?"

"రెంచి ఇంకా సంచిలోనే ఉంది ఇంజనీరమ్మా."

ఆరు దగ్గర ఉండాల్సిన ముల్లు మూడుకు జారింది. ఎక్కడో పెద్ద పైపు పగిలిందనుకుంది రుమ్యానా. ఇంతలో ఫోను మోగింది. క్యాంటీన్ వంటమనిషి త్సోంకా.

"నీకు పుణ్యముంటుంది తల్లీ, ఇంకో పది నిమిషాలు నీళ్లు ఉండనీ. క్యాబేజీ ఊరబెట్టే పీపాలు రెండు నిండాయి, ఇంకా మూడున్నాయి."

"క్యాంటీనుకు నీళ్లు ఆపుతామని ఎవరన్నారు?"

"నువ్వే కదమ్మా, కింద నీ పేరే ఉందిగా! 'పనుల కారణంగా క్యాంపస్ అంతటా తదుపరి ప్రకటన వరకు నీటి సరఫరా నిలిపివేయబడును.' హాస్టల్ పిల్లలైతే చెత్తడబ్బాలు కూడా కడిగి నింపుకుంటున్నారు."

రుమ్యానాకు ఒళ్లు మండిపోయింది. వెంటనే గెన్యోకు ఫోను కొట్టింది.

"నా నోటీసు ఎందుకు మార్చావయ్యా?"

"మార్చలేదు మేడమ్, మెరుగుపరిచాను. ఇరవై నిమిషాలని రాస్తే ఇరవై ఒకటో నిమిషంలో నా బల్ల చుట్టూ చేరి అరుస్తారు. తదుపరి ప్రకటన వరకు అంటే ఎవడూ నోరెత్తలేడు."

"నువ్వు మనిషివా, రబ్బరు స్టాంపువా? మూడు వేల మంది ఒకేసారి కొళాయిలు తిప్పితే ఏమవుతుందో తెలుసా? పరిగెత్తుకెళ్లి ఆ కాగితాలు పీకెయ్!"

"పీకాలంటే మీరు రాతపూర్వకంగా అడగాలి మేడమ్."

ఆమె ఫోను గోడకేసి కొట్టబోతే స్పాస్ చెయ్యి పట్టుకున్నాడు. అప్పటికే సంపు అడుగంటింది. పంపు నీళ్లకు బదులు గాలి పీలుస్తూ గరగరలాడుతోంది. ఇంకో రెండు నిమిషాలు అలాగే తిరిగితే మోటారు కాలిపోతుంది. కొత్తది వచ్చేసరికి నెలన్నర పడుతుంది, అందాకా ఎవరికీ చుక్క నీళ్లుండవు. పళ్లు కొరుకుతూ ఆమె స్విచ్చి ఆపేసింది. క్యాంపస్ అంతటా నీళ్లు ఆగిపోయాయి.

"నోటీసులో ఉన్నట్టే," అన్నాడు స్పాస్.

"ఇంకొక్క మాటంటే ఆ రెంచితో నీ నోరే బిగిస్తాను."

కోపంలో ఆమె ఒక సంగతి మరిచిపోయింది. పంపు ఆపేముందు అగ్నిప్రమాదపు అలారం కట్టేయాలి. పైపుల్లో ప్రెషర్ సున్నాకు పడగానే, ఎక్కడో మంటలార్పే కొళాయిలు తెరుచుకున్నాయని అలారం యంత్రం అనుకుంది. పద్నాలుగు భవనాల్లో సైరన్లు ఒక్కసారిగా గొల్లుమన్నాయి.

పావుగంటలో ఫైరింజన్లు గేటు దాటి వచ్చాయి. నవంబరు చలిలో మూడు వేల మంది మైదానంలో నిలబడి ఉన్నారు. కష్టపడి పట్టుకున్న నీళ్లు పక్కగది వాళ్ల పాలు చేయడం ఇష్టంలేక ఎవరి బకెట్టు వాళ్లు మోసుకొచ్చారు. విశ్వవిద్యాలయ అధిపతి, రెక్టర్ దిమోవ్, ఒక చెంప మీద గడ్డం గీసుకునే నురుగుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"కొలారోవా! మధ్యాహ్నానికల్లా నీ బల్ల ఖాళీ అవ్వాలి!"

"అవుతుంది! ముందు ఆ గెన్యోను ఖాళీ చేయించండి! ఎనిమిది పదాలు ఉన్నవి ఉన్నట్టు అతికించడం చేతకాదు ఆ మనిషికి!"

ఇద్దరి మధ్యా దూరి అగ్నిమాపక కెప్టెన్ రెక్టర్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"పదకొండేళ్ల ఉద్యోగంలో ఇలాంటి మాక్ డ్రిల్ చూడలేదు సార్! ఒక్కడు లోపల లేడు. పైగా ప్రతివాడి చేతిలో నీళ్ల బకెట్టు! ఎవరిదీ ప్లాను?"

రెక్టర్ నురుగు తుడుచుకున్నాడు. బకెట్ల వైపు చూశాడు, రుమ్యానా వైపు చూశాడు.

"మా ఇంజనీరు కొలారోవా గారిది."

"నోటీసు నాది," అని వెనక నుంచి గెన్యో గొంతు.

"ఇది డ్రిల్లు కాదు కెప్టెన్ గారూ, మూర్ఖత్వం! పచ్చి మూర్ఖత్వం! పంపు కాలిపోబోయింది!" అని రుమ్యానా గొంతు చించుకుంది.

"వినయం కూడానా!" అని కెప్టెన్ టోపీ తీశాడు.

ఆమె ఉద్యోగం పోలేదు. ఆమెకూ గెన్యోకూ చెరో ప్రశంసాపత్రం వచ్చింది. తనదాన్ని ఆమె అతని మొహం ముందే నాలుగు ముక్కలు చేసింది. అతను ఆ ముక్కలు ఏరి ఫైల్లో పెట్టాడు. మరుసటి వారం అగ్నిమాపక శాఖ వాళ్లు ఊళ్లోని ఆసుపత్రుల, బడుల ఇంజనీర్లందరినీ పిలిచి, ముందస్తు ప్రణాళిక మీద ఆమె చేత ఉపన్యాసం ఇప్పించారు. జరిగింది జరిగినట్టు, ఏదీ దాచకుండా, బల్ల గుద్దుతూ చెప్పింది.

హాలంతా కడుపుబ్బ నవ్వి, వచ్చే ఏడాదీ ఆమెనే రమ్మన్నారు.