అదుపులోకి వచ్చిన అన్నవాహిక

"టాస్మానియా ప్రజల గొంతు ఇకపై మా ప్రభుత్వ బాధ్యత" అని ఆరోగ్యశాఖ మంత్రి డెస్ క్రాబ్ గారు గురువారం సభలో ప్రకటించారు. నోటినుంచి కడుపుకి తిండి మోసే అన్నవాహికని ఇన్నేళ్ళూ ఏ ప్రభుత్వమూ పట్టించుకోలేదని బాధపడి, సోమవారం లాన్సెస్టన్‌లో అన్నవాహిక మూలకణాల జాతీయ కేంద్రాన్ని తామే ప్రారంభిస్తామని సెలవిచ్చారు. ఆ జాతీయ కేంద్రం మా ల్యాబ్ గదే. అందులో పన్నెండేళ్ళుగా టెక్నీషియన్ని నేనే. జాతీయం అయిపోయిన సంగతి నాకు రేడియోలో తెలిసింది.

మా డాక్టర్ మోయిరా హాడో అన్నవాహిక లోపలి పొర అడుగున ఉండే మూలకణాల్ని పద్నాలుగు నెలలుగా చిన్న చిన్న పళ్ళేల్లో పెంచుతోంది. వాటికి ఒంటి వెచ్చదనం ఉండాలి, అందుకని ఇరవైనాలుగ్గంటలూ ఇంక్యుబేటర్ పెట్టెలో ఉంటాయి. మంత్రిగారు చూసి మెచ్చుకుంటే గ్రాంటు ఇంకో ఐదేళ్ళు. మెచ్చుకోకపోతే జూన్ నెలాఖరుకి మోయిరా ఇంటికి, వెనకాలే నేను.

శుక్రవారం సాయంత్రం మంత్రిగారి సలహాదారు టామ్సిన్ భద్రతా తనిఖీకి వచ్చింది. మా దేశంలో ఆఫీసుల్లో ప్లగ్గున్న ప్రతి వస్తువుకీ, పరీక్ష చేసిన తేదీ వేసిన చీటీ ఒకటి వైరుకి వేలాడుతుండాలి. టామ్సిన్ ఇంక్యుబేటర్ చీటీ తిప్పి చూసింది.

"గడువు నిన్నటితో అయిపోయింది. పీకేయండి."

"పీకేస్తే కణాలు చస్తాయి తల్లీ," అన్నాను.

"పీక్కపోతే మంత్రిగారికి షాక్ కొడుతుంది."

"ఆయన దాన్నెందుకు ముట్టుకుంటారు?"

"ఆయన అన్నీ ముట్టుకుంటారు. మీకు తెలీదు."

"పోనీ పళ్ళేలు పక్క ల్యాబ్‌కి మోసుకెళ్తాం," అంది మోయిరా.

"ప్రారంభోత్సవం అయ్యేదాకా జాతీయ ఆస్తి గడప దాటకూడదు డాక్టర్‌గారూ. ఆ టీ బాయిలర్ చీటీ ఎప్పటిదాకా ఉంది? నవంబరా? భేష్. ఇంక్యుబేటర్ పీకేసిన చోట దాని ప్లగ్గు పెట్టండి."

ఇంక్యుబేటర్ పీకించి, అక్కడ బాయిలర్ ప్లగ్గు పెట్టించి, గదికి తాళం వేసి, తాళంచెవి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుని వెళ్ళింది. ప్రజల సొమ్ము తింటూ ఇంత నిక్కచ్చిగా పనిచేసేవాళ్ళు అరుదు. ఆ శని, ఆదివారాలు మోయిరా కారిడార్‌లో కుర్చీ వేసుక్కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది గానీ, చేసేదేముంది?

సోమవారం మంత్రిగారు వేలికంటిన సాస్ నాక్కుంటూ వచ్చారు.

"నమస్తే సార్," అన్నాను.

"సార్ ఏంటయ్యా, డెస్ అను! ఏవీ మన కణాలు?"

మోయిరా వివరించింది. "ఇవి మామూలుగా రెండుగా చీలతాయి. సగటున ఒకటి అడుగునే ఉండిపోతే, ఒకటి పైకెళ్ళి, కొన్నాళ్ళు పనిచేసి రాలిపోతుంది."

మంత్రిగారి మొహం పాలిపోయింది. "ఎవరు రాలాలో ఎవరు తేలుస్తారు? ముఖ్యమంత్రి గారా?"

"ఎవరూ తేల్చరు."

"హమ్మయ్య." ఆయన మైక్రోస్కోప్‌లో కన్ను పెట్టారు. "మరి ఇవి చీలడం లేదేం?"

"చచ్చిపోయాయి కాబట్టి."

టామ్సిన్ గబుక్కున అడ్డొచ్చింది. "ఆ మాట వాడొద్దు. స్థిమితపడ్డాయి అందాం."

మంత్రిగారు కాసేపు ఆలోచించారు. ఆయన ఆలోచించడం దగ్గర్నుంచి చూసిన అదృష్టవంతుల్లో నేనొకణ్ణి.

"కాన్సర్ అంటే ఏంటమ్మా?"

"కణాలు అదుపు లేకుండా పెరగడం."

"ఇవి పెరుగుతున్నాయా?"

"లేదు."

"ఒక్కటైనా?"

"ఒక్కటి కూడా లేదు."

మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. "మిత్రులారా! ఈ కేంద్రం పుట్టి పావుగంట కాలేదు, అన్నవాహిక అదుపులోకి వచ్చేసింది!"

చప్పట్లు మోగాయి. ఐదేళ్ళ గ్రాంటు అక్కడికక్కడే ఇచ్చేశారు. మంత్రిగారు బాయిలర్ టీ తాగి, ఇంక్యుబేటర్‌ని ఆప్యాయంగా తట్టి వెళ్ళారు. షాక్ కొట్టలేదు.

గడ్డకట్టించి దాచుకున్న పాత కణాల గొట్టం ఒక్కటి మాకు మిగిలింది. బుధవారం ఎలక్ట్రీషియన్ వచ్చి కొత్త చీటీ కట్టాక మోయిరా దాన్ని కరిగించి పళ్ళేల్లో పోసింది. ఇరవై రోజులు ఏమీ లేదు. ఇరవై ఒకటో రోజు పొద్దున్నే మైక్రోస్కోప్ దగ్గర్నుంచి కేక పెట్టింది. నేను చూశాను. రెండు, నాలుగు, ఓ మూల ఎనిమిది. ఇద్దరం చిన్నపిల్లల్లా గెంతాం. ఆ సంతోషంలో నెలవారీ నివేదికలో ఉన్నదున్నట్టు రాసేశాను: "కణాలు చక్కగా పెరుగుతున్నాయి."

వారంలో శాఖనుంచి ఉత్తరం వచ్చింది. మంత్రిగారు సాధించిన ఫలితానికి విరుద్ధంగా మీ కేంద్రంలో పెరుగుదల జరుగుతున్నట్టు గమనించడమైనది. ఏడు రోజుల్లోగా యథాస్థితి నెలకొల్పనిచో గ్రాంటు రద్దగును.

మోయిరా రెండుసార్లు చదివింది. తర్వాత ఇంక్యుబేటర్ తలుపు తీసి, స్థిమితపరచడం ఏ పళ్ళెంతో మొదలుపెడదామో నన్నే చెప్పమంది.